ఇష్టం లేదన్నారు

రమేష్ బాబు నోట ‘కాస్త’ అన్న మాట వచ్చిందంటే రెబెక్కాకి ఆ వారమంతా నడుం వాల్చే తీరిక ఉండదన్నమాటే. కాస్త అమ్మ కంట్లో చుక్కలు వెయ్యి. కాస్త పాప లెక్కలు చూడు. కాస్త మా స్కూలు మార్కులు కంప్యూటర్లో ఎక్కించిపెట్టు. అతను ఏదీ గట్టిగా అడగడు. పదకొండేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదని చర్చిలో ఆడవాళ్ళు అతన్ని చూపించి తమ మొగుళ్ళని దెప్పుతుంటారు. మెత్తగా అడుగుతాడు, అడిగేసి పేపరు చేతిలోకి తీసుకుంటాడు. జూన్‌లో ఒక ఆదివారం కూడా అంతే. ఆరాధన అయి ఇంటికొచ్చి, పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ, సమాజం తరఫున టెక్ మేళా పెడుతున్నామని చెప్పాడు. కంపెనీల వాళ్ళనీ, ఉద్యోగాలు వెతుక్కునే మన పిల్లల్నీ ఒకచోట కూర్చోబెట్టి పరిచయాలు చేయించడం. రాజమండ్రిలో ఏ చర్చీ ఇంతవరకు చెయ్యలేదట. “కాస్త ఆ ఏర్పాట్లు చూడు” అన్నాడు తువ్వాలు అందుకుంటూ.

ఆ కాస్తలో ఏమేం ఉన్నాయో అతనికి ఇప్పటికీ పూర్తిగా తెలీదు. పేర్లు నమోదు చేసుకోడానికి ఇంటర్నెట్లో ఒక పేజీ తయారుచెయ్యడం, పోస్టర్లు, కాకినాడ, విశాఖపట్నం కంపెనీలకి ఉత్తరాలు, ఎవరికి ఏ బల్ల, ఏ బల్ల దగ్గర ప్లగ్గు పాయింటు, అన్నీ రెబెక్కాయే చూసింది. పప్పు కుక్కర్లో ఉండగా, పాప ట్యూషన్లో ఉండగా, అత్తగారు మధ్యాహ్నం కునుకు తీస్తుండగా. ప్రతి ఉత్తరం కిందా సంతకం మాత్రం ‘కె. రమేష్ బాబు, కార్యదర్శి, పిడికెడు బియ్యం సేవా సమాజం’.

ఆ పేరు ఊరికే రాలేదు. వాళ్ళ సంఘంలో ప్రతి ఇంటి ఆడదీ పూటపూటకీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడ్డసంచిలో చర్చికి తెచ్చి పెద్ద గంగాళంలో పోస్తుంది. ఆరాధన అయ్యాక దాన్ని వేలం వేస్తారు. అలా ఏళ్ళ తరబడి పోగైన దానితోనే బీదపిల్లల ఫీజులు, విధవరాళ్ళకి కుట్టుమిషన్లు, ఇప్పుడీ మేళా జరిగే కమ్యూనిటీ హాలూ. తన కంచంలో అన్నం తగ్గించుకుని పిడికెడు తీసేది ఆడది. కమిటీలో కుర్చీలేసుకుని తీర్మానాలు చేసేది మగాళ్ళు. ఎందుకని ఎవరూ అడిగింది లేదు. నిజం చెప్పాలంటే రెబెక్కా కూడా అడగలేదు. తను కోడలిగా వచ్చేసరికే అలా ఉంది, అలాగే ఉంటుందనుకుంది.

పెళ్ళికి ముందు ఆమె విశాఖపట్నంలో నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టరుగా పనిచేసింది. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములో ఎక్కడ తప్పుందో, అది జనం చేతికి వెళ్ళకముందే పట్టుకోవడం ఆ పని. పెళ్ళైన కొత్తలో అత్తగారు సూరమ్మకి ఆ సంగతి చెబితే ఆవిడ బుగ్గలు నొక్కుకుని నవ్వింది. “తప్పులు పట్టడానికి జీతమిస్తారా అమ్మా? మా ఇంట్లో ఆ పని నేను ఊరికే చేస్తాను” అంది. ఆ మాటకి అప్పుడు రెబెక్కా కూడా నవ్వింది. ఆవిడ ఎంత నిజం చెప్పిందో తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పాప కడుపులో పడ్డాక ఉద్యోగం మానేసింది. మానెయ్యమని ఎవరూ అనలేదు. “పాప కాస్త పెద్దదయ్యేదాకా” అన్నాడు రమేష్ బాబు. పాపకిప్పుడు తొమ్మిదేళ్ళు. జడ తనే వేసుకుంటుంది. ఎంత పెద్దదైతే ఆ ‘కాస్త’ పూర్తవుతుందో ఇంట్లో ఎవరూ చెప్పరు.

రెండేళ్ళుగా రెబెక్కా మళ్ళీ చదువుకుంటోంది. పొయ్యి గట్టు మీద ఉప్పుడబ్బాకి ఫోను ఆనించి పాఠాలు వింటూ, కూర కలుపుతూ, మధ్యలో చెయ్యి తుడుచుకుని పాఠం వెనక్కి జరుపుతూ. తను వదిలేసిన చోటు నుంచి లోకం చాలా దూరం పోయింది. అయినా పట్టుకోగలననిపించింది. కిందటి జనవరిలో కాకినాడ కంపెనీ ఒకటి, మధ్యలో ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళని ఇంటి నుంచే పనిచేసేలా తీసుకుంటామని ప్రకటించింది. చూడగానే మొగుడికి చెప్పింది. “పెట్టు, పోయేదేముంది” అన్నాడు. దరఖాస్తు పెట్టింది, వాళ్ళు కంప్యూటర్లో పెట్టిన పరీక్ష రాసింది, బాగానే రాశాననుకుంది.

అక్కడి నుంచి మళ్ళీ మాటాపలుకూ లేదు. ఫిబ్రవరి పోయింది, నలభై రోజుల శ్రమకాలం పోయింది, ఈస్టరు పోయింది. మొదట రోజుకి నాలుగుసార్లు మెయిలు తెరిచి చూసేది, తర్వాత చూడటం మానేసింది. తొమ్మిదేళ్ళు పప్పుచారు కాచినదాన్ని ఎవరు పిలుస్తారులే అనుకుంది. వాళ్ళు తన కాగితాలు చూసి నవ్వుకుని ఉంటారనుకుంది. ఇంట్లో ఎవరూ చెప్పనక్కర్లేకుండా తనే తన గురించి అలా అనుకోవడం మొదలుపెట్టింది, అద్దంలో చూసుకుంటూ కూడా. ఐదు నెలలు ఆ మాటని నమ్మి బతికింది.

అందుకే మేళాకి పిలవాల్సిన కంపెనీల్లో ఆ కాకినాడ కంపెనీని మొట్టమొదట రాసింది. వాళ్ళు వస్తామన్నారు. రమేష్ బాబు కమిటీలో ఆ సంగతి చెప్పి మెప్పు పొందాడు. రెబెక్కాకి ఆ మెప్పుతో పనిలేదు. ఎదురుగా వెళ్ళి అడగాలి. ఉద్యోగమివ్వకపోతే పోయారు, నాలో ఏం తక్కువైందో మొహం మీద చెప్పమనాలి. తక్కువేమిటో తెలిస్తే నేర్చుకోవచ్చు. ఆ ఒక్క పావుగంట కోసమే నెలన్నరగా ఇంత చాకిరీ చేసింది.

జూలైలో రెండో శనివారం. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చి, తెల్లారగట్ల నుంచి సన్నగా జల్లు పడుతోంది. రెబెక్కా ఇస్త్రీ చేసిన నీలం చీర కట్టుకుని హాలుకి వచ్చేసరికి, వెనక షెడ్డులో స్త్రీల సమాజం అధ్యక్షురాలు సత్యకుమారి గారు కత్తిపీటలు వేయించేశారు. చర్చిలో ఏ కార్యక్రమమైనా వంట స్త్రీల సమాజానిదే, ఈ నెల వంతు రెబెక్కా వాళ్ళ వీధిది. తనకీ ఇవాళ మేళాలో పనుందని, ఇంకెవరినైనా చూసుకోమని రెబెక్కా మొగుడితో ముందే చెప్పింది. అతను తలూపాడు. ఆ తలూపుడు ఇక్కడిదాకా రాలేదు.

“చీర పాడవుతుందమ్మా, కొంగు దోపుకో” అని ఆవిడ ఉల్లిపాయల బుట్ట ముందుకి తోశారు. రెండు వందలమందికి బిరియానీ. లోపల హాల్లో మైకు పరీక్షిస్తున్నారు. ఆశీర్వాదం గారు, సమాజం అధ్యక్షులు, ఆరంభ ప్రార్థన చేస్తున్నారు. నేటి యువతీయువకులకి దారులు తెరవమని ఆయన దేవుణ్ణి అడుగుతుంటే ఇక్కడ ఆడవాళ్ళు తరిగే చేతులు ఆపకుండానే ఆమెన్ అన్నారు. రెబెక్కా కూడా అంది. ఉల్లి ఘాటుకి కళ్ళు నీళ్ళు కారుతుంటే ఒకందుకు మంచిదే అనుకుంది, ఏడుస్తున్నట్టు ఎవరికీ అనుమానం రాదు.

పదకొండు దాటాక మసాలా వేగుతుండగా, ఇప్పుడే వస్తానని చెప్పి చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుని హాల్లోకి వెళ్ళింది. హాలు నిండా జనం. మొగల్తూరు నుంచి వచ్చిన చేపలవాళ్ళ పిల్లలు, సర్టిఫికెట్ల కవర్లు ఒళ్ళో పెట్టుకుని బెంచీల మీద వరసగా కూర్చున్నారు. తను గీసిన పటం ప్రకారమే బల్లలన్నీ ఉన్నాయి. ఒక బల్ల దగ్గర రమేష్ బాబు నిలబడి ఉన్నాడు. ఎవరో ఏర్పాట్లు చాలా పద్ధతిగా ఉన్నాయండీ, ఆ నమోదు పేజీ ఎవరు చేశారండీ అని అడిగితే, “మా సమాజం వాళ్ళేనండి, అందరం తలో చెయ్యీ వేశాం” అంటున్నాడు. అబద్ధం కూడా కాదు. అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు. భార్య చెయ్యి కూడా తన చేతుల్లో ఒకటని అతని లెక్క.

కాకినాడ కంపెనీ బల్ల దగ్గర ఉన్నావిడ పేరు రమ్యశ్రీ. ముప్ఫై ఉంటాయేమో, నవ్వు మొహం. రెబెక్కా ఎదురు కుర్చీలో కూర్చుని, కొంగుతో చేతులు మళ్ళీ ఒకసారి తుడుచుకుంది.

“నా పేరు రెబెక్కా అండి. జనవరిలో మీకు అప్లై చేశాను, టెస్టు కూడా రాశాను. మీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. ఎందులో తక్కువైందో చెబితే నేర్చుకుంటానండి.”

రమ్యశ్రీ లాప్‌టాప్‌లో పేరు వెతికి, ఒక నిమిషం చదివింది. ఆమె కనుబొమలు దగ్గరికొచ్చాయి.

“తక్కువేం లేదండి. మీ టెస్టు చాలా బావుంది. మిమ్మల్ని సెలెక్ట్ చేసుకున్నాం కూడాను. ఫిబ్రవరిలో ఫోన్ చేశాం కదండి?”

“నాకు రాలేదండి.”

“వచ్చిందండి. నేనే చేశాను. మీవారు ఎత్తారు, చాలా మర్యాదగా మాట్లాడారు. మీకు ఇష్టం లేదన్నారు.” ఆమె తెర ఇటు తిప్పింది. రెబెక్కా పేరు ఎదురుగా ఆ ముక్కే ఉంది, ఇష్టం లేదని. దాని పైన ఫోను నంబరుంది, రమేష్ బాబుది.

ఆ నంబరు పెట్టింది ఎవరో కాదు, తనే. పెళ్ళైన మొదటి నెలలో, ఇంటికి ఒక నంబరుంటే చాలు, గందరగోళం ఉండదన్నాడు అతను. అప్పట్నుంచీ గ్యాసుకీ, బ్యాంకుకీ, పాప స్కూలుకీ, ఎక్కడ నంబరు అడిగినా రెబెక్కా చెయ్యి తనంతట తనే మొగుడి నంబరు రాస్తుంది. తన ఫోనులో తన నంబరు ఉంది. అది అమ్మకీ, చర్చి ఆడవాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. మొన్న ఈ మేళాకి పేర్లు నమోదు చేస్తున్నప్పుడు కూడా చూసింది, ఆడపిల్లల్లో సగం మందికి పైగా నాన్న నంబరో, అన్న నంబరో, మొగుడి నంబరో ఇచ్చారు. అది మంచిది కాదేమోనండీ అని రమేష్ బాబుతో అంటే, “మంచిదే, ఇంట్లో వాళ్ళకి తెలిసి ఉంటుంది” అన్నాడు. అలా అంటున్నప్పుడైనా అతనికి ఆ ఫిబ్రవరి ఫోను గుర్తుకొచ్చిందో లేదో.

“నన్ను ఒకసారి అడగాలనిపించలేదా అండి?” అంది రెబెక్కా.

రమ్యశ్రీ కాస్త ఇబ్బందిపడింది. మీవారే చెప్పాక ఇంకా మిమ్మల్నేం అడుగుతామండీ అంది. ఆ అన్న తీరులో కపటమేమీ లేదు. ఆమె మెళ్ళో కూడా నల్లపూసలున్నాయి. ఆ ఉద్యోగాలు నిండిపోయాయని, ఈసారి కొత్తగా చదువు అయిన పిల్లల్నే తీసుకోమన్నారని, మళ్ళీ ఎప్పుడుంటుందో తను చెప్పలేనని, నిజంగా బాధపడుతూనే చెప్పింది. రెబెక్కా థాంక్స్ చెప్పి లేచింది. ఎందుకు చెప్పిందో తనకే తెలీదు, అలవాటై నోట వచ్చేసింది.

రమేష్ బాబు చేతులు కడిగే పంపుల దగ్గర దొరికాడు. విస్తళ్ళు సరిపోతాయా లేదా అని చూసుకుంటున్నాడు.

“కాకినాడ వాళ్ళు ఫిబ్రవరిలో ఫోన్ చేశారట.”

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. తడబడలేదు, మొహం మారలేదు. తడబడినా బాగుండేది.

“ఆ, అవును, చేశారు. అమ్మకి కంటి ఆపరేషన్ అప్పుడు కదా. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు.”

“నాకు చెప్పలేదేంటండి?”

“మర్చిపోయాను రెబెక్కా. అయినా పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంప్యూటర్ ముందు కూర్చోవాలట. నీకెక్కడ కుదురుతుంది చెప్పు? నువ్వైనా అదే అనేదానివి. నీ మాటే నేను చెప్పాను.” చేతిలో విస్తళ్ళ కట్ట ఆమెకి అందించాడు. “కాస్త ఆ పెరుగు చట్నీ సరిపోతుందో లేదో చూడు.”

దాచిపెట్టి ఉంటే రెబెక్కాకి కోపం వచ్చేది. దాచాలంటే అది దాచదగినంత పెద్దదని అతనికి అనిపించి ఉండాలి కదా. మర్చిపోయాడట. అత్తగారి కంటి మందు ఏ షాపులో చవకో అతనికి గుర్తుంటుంది. కిందటేడు క్రిస్మస్‌కి పిండివంటల్లో ఉప్పెక్కువైందని ఇప్పటికీ గుర్తుంటుంది. ఆమె బతుకు మలుపు తిరగాల్సిన ఫోను మాత్రం, రాంగ్ నంబర్ వచ్చినట్టు, ఎత్తి పెట్టేసి మర్చిపోయాడు. ఆ రోజు తను ఆసుపత్రి వరండాలో అతని తల్లి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. సరిగ్గా ఆ వేళకే, ఆమెకి ఇష్టం లేదని ఇతను ఎవరికో మర్యాదగా చెబుతున్నాడు. ఆ తర్వాత ఐదు నెలలు తను ఎందుకూ పనికిరానని ఆమె కుమిలిపోతుంటే పక్కనే కూర్చుని, ఆమె వండింది తింటూ, ‘ఏంటలా ఉన్నావు, ఒంట్లో బాలేదా’ అని కూడా అడిగాడు. ప్రేమగానే అడిగాడు. ఇంకొకడైతే కొడతాడు, తాగుతాడు, నలుగురికీ చెప్పుకుని ఏడవచ్చు. ఇతన్ని గురించి ఏమని చెప్పుకోవాలి? పరాయివాళ్ళతో చెబితే, ఒక్క ఫోను గురించా ఇంత గొడవ అంటారు. అత్తగారైతే, మొగుడన్నాక ఆమాత్రం మాట్లాడకూడదా అంటుంది.

భోజనాలప్పుడు రెబెక్కా అన్ని వరసలకీ వడ్డించింది. రమ్యశ్రీ విస్తరి దగ్గరికి వచ్చేసరికి ఆమె తలెత్తకుండా చాలండీ చాలండీ అంది. పక్కనే కూర్చున్న అత్తగారు ఇంకొక ముక్క వేయించుకుని, ఉప్పు తగ్గిందని తీర్పు చెప్పింది. బిరియానీ బాగుందని అందరూ అన్నారు. ఆశీర్వాదం గారైతే, ఇంత రుచిగా వండే చేతులున్నంత కాలం మన సమాజానికి లోటు లేదన్నారు. ఆ మాటకి మగాళ్ళు తలలూపారు, ఆడవాళ్ళు సిగ్గుపడ్డారు. రెబెక్కాకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందో ఈ మంట అనుకుంది. బిందెలో నీళ్ళు రెండు గ్లాసులు తాగినా తగ్గలేదు.

మూడింటికి ముగింపు సభ. రమేష్ బాబు చక్కగా మాట్లాడాడు. ఆడపిల్లలు సాంకేతిక రంగంలో ముందుకు రావాలని, చేతిలో ఫోను ఉన్న స్త్రీకి ప్రపంచమే గుమ్మంలోకి వస్తుందని అన్నాడు. ఆ వాక్యం రాసిచ్చింది రెబెక్కాయే. గోడవారన సత్యకుమారి గారి పక్కన నిలబడి తన మాటలే మొగుడి గొంతులో వింది. చప్పట్లు గట్టిగా మోగాయి. తర్వాత ఆశీర్వాదం గారు లేచి, కంపెనీల వాళ్ళకి శాలువాలు కప్పి, చివర్లో ఒక శాలువా మిగిలితే చేతిలోకి తీసుకుని, మన కార్యదర్శి గారి సతీమణి వంట ఏర్పాట్లలో ఎంతో శ్రద్ధ చూపారు, వారిని వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాను అన్నారు. వంట ఏర్పాట్లలో. పేరు కూడా చెప్పలేదు. సత్యకుమారి గారు వీపు మీద చెయ్యి వేసి నెట్టారు, వెళ్ళమ్మా వెళ్ళు, సిగ్గెందుకని.

రెబెక్కా మెట్లెక్కింది. చీరకి పసుపు మరకలున్నాయి. శాలువా భుజాల మీద పడింది. ఫోటో తీశారు. ఇలాంటి చోట ఆడవాళ్ళు మైకు దగ్గరికి వచ్చి, అంతా దేవుని కృప అని చెప్పి దిగిపోవడం ఆనవాయితీ. రమేష్ బాబు మైకు ఎత్తు తగ్గించి ఆమె నోటికి సరిగ్గా అమర్చాడు. ఇలాంటి చిన్న చిన్న సాయాలు అతనికి బాగా తెలుసు. “రెండు ముక్కలు చెప్పి వచ్చెయ్యి” అన్నాడు చెవిలో.

“అందరికీ ప్రభువు పేరిట వందనాలు” అంది రెబెక్కా. వందనాలు అని హాలంతా ఒక్క గొంతుతో బదులిచ్చింది. ముందు వరసలో పాస్టరు అయ్యగారి పక్కన రమ్యశ్రీ కూర్చుని ఉంది. రెబెక్కా ఆమెనే చూస్తూ మాట్లాడింది. గొంతు పెంచలేదు. మైకు ఉంది కాబట్టి పెంచాల్సిన అవసరం కూడా లేదు.

“రమ్యశ్రీ గారూ, ఫిబ్రవరిలో ఉద్యోగానికి పిలుస్తూ మీరు నాకు ఫోన్ చేశారు. ఎత్తింది మావారు. దానికి నేను ఇప్పుడు జవాబు చెబుతున్నానండి.”

హాల్లో గుసగుసలు లేచి ఆగిపోయాయి. పక్కన రమేష్ బాబు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, అది వేడుక మాటేమోనని. ఆ నవ్వు ఎలా తియ్యాలో తెలియక అలాగే పెట్టుకున్నాడు. అత్తగారు పక్కావిణ్ణి, ఏంటి, ఏమంటోంది అని అడిగింది.

“ఆ ఉద్యోగం ఇప్పుడు లేదని తెలుసు. దానికోసం అడగడం లేదు. నా పేరు ఎదురుగా ఇష్టం లేదని రాసుకున్నారు. ఆ మాట నేను అనలేదు. నన్ను ఎవరూ అడగలేదు కూడా. నాకు ఇష్టమే, అప్పుడూ ఇష్టమే. దయచేసి అది కొట్టేసి, నేను చెప్పే నంబరు రాసుకోండి.”

రమ్యశ్రీ సంచిలో పెన్ను వెతుక్కుంది. రెబెక్కా ఆమెకి పెన్ను దొరికేదాకా ఆగి, తన నంబరు ఒక్కో అంకె విడదీసి చెప్పింది. చెప్పి, ఇంకొకసారి కూడా చెప్పింది.

“ఈ నంబరుకి చేస్తే ఎత్తేది నేనేనండి.”